గోడల్లేని ద్వారబంధం

ఆ ఫోను నా మూతికి అంత దగ్గరగా పెట్టొద్దు మే పాపా, థర్మామీటరు పెట్టినట్ల ఉండాది. రవ్వంత దూరం జరుపు. ఆ, చాలు. నేను చెప్పుకుంటా పోతా, నువ్వు తర్వాత రాసుకో. నా మాట మాత్రం మార్చొద్దు. మీ కాలేజీ పుస్తకంలో అచ్చేస్తే మీ సార్లు చదివి నవ్వుతారేమో, నవ్వనీ. ఇప్పుడు నా ఇంక్రిమెంట్ ఎవురు ఆపుతారు?

నీతో చదివే పిల్లోల్లంతా నేను చేసిన పనే నేర్చుకుంటాండారు కాబట్టి చెప్తాండా. తలకు వైర్లు అంటించి, మెదడులో పుట్టే సన్న కరెంటును కంప్యూటర్లో గీతలుగా తీసే పని. ఈఈజీ టెక్నీషియన్ అని బోర్డు మీద రాసిండ్రి గానీ, హిందూపురంలో మా ఆస్పత్రిలో నన్నెవురూ అట్ల పిలవలే. ‘వైర్లమ్మ’ అంటాండిరి. "వైర్లమ్మ యాడ? వైర్లమ్మ బువ్వకు పోయింది." అట్ల. వచ్చేటోల్లలో ఎక్కువమంది మూర్ఛ ఉండేటోల్లు. వైర్లు చూస్తానే, "షాక్ ఇస్తారా మేడం?" అని వణికిపోతాండిరి. "షాక్ మేము ఇయ్యం అప్పా, నీ తలకాయే మాకు ఇస్తాది" అంటే రవ్వంత నవ్వుతాండిరి. నవ్వినాక పని సులువు.

నేను రిటైరు కాబోయే ముందర బెంగుళూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. ఇంగ్లీషూ కన్నడమూ సమానంగా కలిపి మాట్లాడుతుంది, తెలుగు వస్తాది గానీ దానికి భయపడుతుంది. ఆయమ్మ చదువంతా వణుకుడు రోగం మీద. పార్కిన్సన్స్ అంటారు. ఆ రోగంలో చేతులు వణికేది మనందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉండాది. నడుస్తా నడుస్తా ఉన్నట్టుండి కాళ్లు నేలకు అతుక్కపోతాయి. పైమనిషి ముందుకు పోదామంటాడు, పాదాలు రావు. రవ్వంత సేపైనాక వాటంతటవే వచ్చేస్తాయి. ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతాందో చూడల్లని ఆయమ్మ పట్టు. దానికి టోపీ మాదిరి ఒక మిషను తెచ్చింది. వైర్లు గోడకు కట్టేసినట్ల ఉండవు, టోపీ పెట్టుకోని మనిషి నడుస్తాంటే గీతలు గాల్లోనే కంప్యూటర్‌కి వచ్చేస్తాయి. నా సర్వీసంతా మనుషుల్ని పండబెట్టి "కదలొద్దు, కదలొద్దు" అన్న్యదాన్ని. కడాకు నడిపించి చూడాల్సి వచ్చె.

ఈ కాళ్లు అతుక్కపోయేది ఎక్కువ యాడ అంటే వాకిలి కాడ. ఇరుకు తావు కనపడితే చాలు ఆగిపోతారు. అందుకని డాక్టరమ్మ, పాత వ్యాయామాల హాలు ఖాళీ చేయించి దాని నడిమధ్యలో ఒక ద్వారబంధం కావల్లనింది. ఇటు గోడ లేదు, అటు గోడ లేదు. ఉత్త ద్వారబంధం. "గడప వద్దు, చౌకట్టు మాత్రం చాలు" అని చెప్పింది.

కొయ్యపని చేసే వడ్ల ఆచారి ఒప్పుకోలే.

"గడప లేకుంటే దాన్ని ద్వారబంధం అనరు మేడం, ఉయ్యాల కొయ్య అంటారు."

సరే గడప పెట్టమనింది. నిలబెట్టే పొద్దు మళ్లా పేచీ. "ఇల్లు లేకుంటే లేకపోనీ, గోడలు లేకుంటే లేకపోనీ. పసుపు కుంకుమ లేకుండా ద్వారబంధానికి నేను చెయ్యి పెట్టను." డాక్టరమ్మ నా మొగం చూసింది. "మాడి, మాడి, పూజే మాడి" అని కన్నడంలో తల కొట్టుకుంది, పూజే చెయ్యండి అని. మా ఆస్పత్రి ఆయా అప్పటికే మామిడాకులు తెచ్చిండె. గడపకు పసుపు పూసి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టినాము. టెంకాయ నీళ్లు కంప్యూటర్ మీద పడతాయని డాక్టరమ్మ దానికి తన కోటు కప్పి అడ్డంగా నిలబడింది. నేను చూసిన పరిశోధనల్లో ఇట్ల మొదులైంది అదొక్కటే.

దాంతో మాకు ఇంకొక కష్టం వచ్చింది. పసుపు గడప చూస్తానే వచ్చిన ముసలోల్లు వంగి మొక్కుతాండిరి. తల మీద టోపీ పెట్టుకోని వంగితే గీతలన్నీ పాడు. "మే, గడపకు పసుపు పెట్టొద్దు" అని ఆయాకి ఎన్ని తూర్లు చెప్పినా, శుక్రవారం వస్తే పెట్టేసేది. "ఏమక్కా, బోసి గడప దాటమంటావా రోగిష్టోల్లను?" అని నన్నే గదమాయించేది.

నవ్వొద్దు. అసలు సంగతికి వస్తాండా.

పెనుకొండ పక్క పల్లె నుంచి ఒకాయప్ప వచ్చినాడు. సేద్యం చేసే మనిషి. భార్య ఎంబడి వచ్చింది. ఇట్లాంటి పరీక్షకు తల మీద నూనె ఉండకూడదు, నూనె ఉంటే వైరు పట్టదు. ముందే ఫోన్లో చెప్పింటిమి. ఆయప్ప తుండు తీస్తే తల నిండా గంధం.

"నూనె లేకుండా రమ్మంటిమి కదన్నా?"

"నూనె యాడుందమ్మా? ఎంటికలే లేవు."

"మరి ఈ గంధం?"

"గుండు కొట్టిచ్చుకుంటే గంధం పుయ్యరా?" అని ఆయప్ప నన్నే తిరిగి అడిగినాడు.

భార్య చెప్పింది, కదిరికి పోయి తలనీలాలిచ్చి మొక్కుకోని నేరుగా మా కాడికే వస్తాండారంట. మొక్కు రోగం తగ్గాలనేమో అనుకుంటి. "కాదమ్మా. వాళ్ల చెల్లెలు మాట్లాడల్లని" అనింది. ఆయప్ప తల దించుకున్న్యాడు.

తడిగుడ్డతో గంధమంతా రుద్ది తీసినా. ఒక మాట చెప్పల్ల పాపా, గుండు మీద వైరు కూర్చున్నట్ల ఇంకెక్కడా కూర్చోదు. అంత సక్కటి గీతలు నేను ఎప్పుడూ చూడలే. ఇంకొకటి గుడక రాసుకో. మనం తల మీద చెయ్యి పెట్టి జెల్లు రాస్తాంటే మనుషులు మనసులో ఉండేదంతా చెప్పుకుంటారు, మంగలాయనకు చెప్పుకున్నట్ల. అది మీ సిలబస్‌లో ఉండదు. గమ్మున వినల్ల.

ఆయప్పకు ఒకతే చెల్లెలు. ధర్మవరంలో ఇచ్చిండారు. ఆయమ్మ మొగుడు మగ్గాలోల్లకు పట్టు అమ్ముతాడు. వాళ్లు కొత్తిల్లు కట్టుకున్న్యారు. కడతాంటే చూసేకి పోయిన ఈయప్ప నోరు ఊరకుండక, "ఇంత పెద్దిల్లు యాల పాపా, ఎవురికి చూపించేకి?" అని అన్న్యాడంట. అన్న కదా, అంటాడు. ఆయమ్మ మొగం ముడుచుకునింది. గృహప్రవేశం పొద్దు పుట్టింటి బట్టలు తీసుకోని పోయినాడు. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. తట్టలో పెట్టుకోని, మేళం వాయిస్తాంటే వాకిలి కాడికి పోయినాడు. లోపల చెల్లెలు చేతులు చాపి నిలబడిండె. "రా అన్నా, రా."

కాళ్లు ఆగిపోయినాయి.

అప్పటికి రోగమని ఎవురికీ తెలీదు. ఆయప్పకే తెలీదు. ఎనక నుంచి చుట్టాలు "పోప్పా, పో, ముహూర్తం దాటిపోతాది" అంటాండారు. ఆయప్ప చెమటలు కక్కుకుంటా గడప చూసుకుంటా నిలబడిపాయె. కడాకు ఎవురో తట్ట అందుకోని, ఈయప్పను పక్కకు లాగి పందిట్లో కుర్చీలో కూర్చోబెట్టిరి. లోపలికి పోనేలేదు.

అంతటితో పోయింటే ఎట్లనో సర్దుకుంటుండె. రవ్వంత సేపటికి భోజనాలకు లెయ్యమంటే అందరితో పాటు లేసి గబగబా బంతి కాడికి నడిచినాడంట. చూసినోల్లు చూసినారు. చెల్లెలు చూసింది.

"అన్నానికి వచ్చినాయి కాళ్లు. నా ఇంట్లోకి రాలేదు" అనిందంట. చీర తెచ్చి వదిన ఒళ్లో పడేసింది. "లోపలికి రానోని చీర నాకు యాల?"

మాటలు ఆగిపోయినాయి. తర్వాత ఒక పెండ్లికని ఆయమ్మ ఈ పక్కకు వచ్చినప్పుడు, బస్సులోంచి చూస్తే అన్న దున్నిన చేన్లో సాళ్లకు అడ్డం పడి చిన్న పిల్లోని మాదిరి నడుస్తాండాడు. ఇంగేం కావల్ల? ఆస్పత్రిలో రోగం పేరు చెప్పినాక వదిన ఫోన్ చేస్తే, "వణుకుడు రోగమా? వణుకు యాడుంది వదినా?" అని పెట్టేసిందంట. నిజంగానే ఆయప్పకు వణుకు లేదు. చేతులు నా ముందర చాపినాడు. చెక్కినట్ల ఉండాయి. "వణికినా బాగుండు కదమ్మా, నమ్ముతుండె" అన్న్యాడు.

పరీక్షలు మొదులుపెట్టినాము. నడుముకు బెల్టు కట్టి, పడకుండా ఎనక ఒక మనిషి పట్టుకోని ఉంటే, ఆయప్ప టోపీ పెట్టుకోని నడిచేది. ద్వారబంధం దాకా బాగా వస్తాడు. దాని ముందర ఆగిపోతాడు. వచ్చిన ప్రతి తూరీ అంతే. మడిమలు లేసి కొట్టుకుంటాయి, మునివేళ్లు లేవవు. కోడిపిల్ల కాలికి దారం కట్టినట్ల. చూడలేకుంటిమి.

డాక్టరమ్మ నాకు గీతలు చూపించి చెప్పింది. నా మాటల్లో చెప్తా. సంగటి కెలికేటప్పుడు చెయ్యి దానంతట అది తిరుగుతాంటుంది, నోరు పక్కింటామెతో మాట్లాడుతాంటుంది, అవునా? నడక గుడక మనకట్లే. మెదడు లోపల ఒక తావు ఉండాది, అది చూసుకుంటుంది, మనం ఆలోచించం. ఆయప్పకు ఆ తావు చెడిపోయింది. నొసటి ఎనకుండే మెదడు, ఆలోచన చేసేది, అది ఒక్కో అడుగూ తానే ఎత్తి పెట్టల్ల. వాకిలి వస్తే, జనం వస్తే, ముహూర్తం వస్తే దానికి చాతకాదు. అదే నేల మీద అడ్డగీతలు కనపడితే కాళ్లకు దావ దొరికినట్ల అవుతుంది. చేన్లో సాళ్లు అందుకే. ఆగిపోయినోని పాదం ముందర మన పాదం అడ్డం పెడితే, దాన్ని దాటేకని కాలు లేస్తాది. ఆ ఉపాయం అప్పుడే నేర్చుకుంటి.

ఒక దినం ఆయప్ప అడిగినాడు. "అమ్మా, మా పాపను, ధర్మవరం చెల్లెల్ని, ఈడికి పిలిపిస్తే, నేను ఆగిపోయేది కండ్లారా చూస్తుంది కదా?"

మాకందరికీ అది మంచి ఆలోచనే అనిపించింది. డాక్టరమ్మ సరేననింది. ఫోన్ నేనే చేసినా. చెల్లెలు మాట్లాడలే, మొగుడు ఎత్తినాడు. నిదానమైన మనిషి. "తెస్తానమ్మా. మీరు పిలిచినారంటే వస్తుంది. నేను చెప్తే రాదు" అన్న్యాడు.

ఆ పొద్దు శుక్రవారం. ఆయా గడపకు పసుపు పూసి పెట్టిండె.

ధర్మవరం ఆయమ్మ వచ్చింది. మంచి చీర కట్టుకోని, పూలు పెట్టుకోని, పేరంటానికి వచ్చినట్ల. అన్న పక్క చూడలే. ద్వారబంధానికి అవతల ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, అంచు మీద కూర్చుంది. మొగుడు ఎనక నిలబడినాడు. ఇవతల నేను ఆయప్ప తలకు టోపీ బిగిస్తాండా.

"పళ్లు కొరకొద్దన్నా. పళ్లు కొరికితే గీతలు చెడిపోతాయి."

ఆయప్ప నా చెయ్యి పట్టుకున్న్యాడు. "ఆగుతాయి కదమ్మా? దినామూ ఆగినట్ల ఆగుతాయి కదా?"

"ఆగుతాయిలే అన్నా" అంటి.

ఇన్నేండ్ల పనిలో రోగిష్టి కాళ్లు రాకుండా ఉండల్లని దేవునికి మొక్కింది ఆ ఒక్క పొద్దే.

ఆయప్ప నడిచినాడు. కండ్లన్నీ తన పాదాల మీదనే. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. గడప కాడికి వచ్చినాడు. ఆయప్ప కాలు పైకి లేసింది. గడప దాటింది. రెండో కాలు గుడక దాటింది. నేరుగా పోయి చెల్లెలి ముందర నిలబడినాడు.

మా ఆయాకు ఏం తెలుసు పాపం, ఎగిరి చప్పట్లు కొట్టింది. "దాటినాడు! దాటినాడు!"

హాలంతా ఆ చప్పుడే.

"నడిచినావు కదన్నా" అనింది ఆయమ్మ. ఆ పొద్దు అన్నతో మొదుటి మాట అదే.

"లేదు పాపా... దినామూ ఆగుతాయి పాపా. ఈ మేడంను అడుగు. ఇంకోతూరి నడుస్తా, చూడు."

ఎనక్కి వచ్చి మళ్లా నడిచినాడు. మళ్లా దాటినాడు. ఇంకోతూరి. ఈ తూరి గడప ముందర తానే ఆగి చూసినాడు, అతుక్కుంటాయేమోనని. అతుక్కోలే. ఆగల్లని ఆగినోని మాదిరి, అబద్ధం ఆడేటోని మాదిరి అగుపడినాడు. డాక్టరమ్మ లేసి, "సాకు అన్నా, సాకు, చాలు" అని చెయ్యి పట్టుకుంది.

చెల్లెలు లేసి బయటికి పోయింది. మొగుడు ఆయప్ప మొగం చూడలేక, నన్ను చూసి తల ఊపి, ఆయమ్మ ఎంబడి పోయినాడు.

నేను గేటు దాకా ఉరికినా. "తల్లీ, ఉండు. ఆ రోగమే అట్లాంటిది. మనం చూస్తాంటే, మనసు పెట్టి నడిస్తే కాళ్లు వస్తాయి. మనసు చెదిరితే రావు. మాకందరికీ తెలిసిన సంగతే ఇది, నిన్ను పిలిచేటప్పుడు గుర్తుకు రాలే."

ఆయమ్మ నిలబడింది. కోపంగా లేదు. అందుకే నాకు భయమేసింది.

"మనం చూస్తే నడుస్తాడు, చూడకుంటే ఆగిపోతాడు. అది రోగమా అక్కా, నాటకమా? నువ్వే చెప్పు."

"నాటకం ఆడాల్సిన కర్మ ఆయప్పకేంది తల్లీ?"

"నీకు అన్నదమ్ములు ఉండారా?"

"లేరు."

"అయితే నీకు తెలీదులే. నడవలేనోడైతే నేనే సంకనేసుకోని లోపలికి ఎత్తుకపోతా. పెద్దిల్లు కట్టినావంటే అననీ, నాకు అది కాదు. నడిచేటోడు నా వాకిట్లో నిలబడిపాయె. అది కదక్కా నొప్పి." ఆటో ఎక్కేసింది. మొగుడు మాత్రం తల బయట పెట్టి, "రవ్వంత దినాలు పోనీమ్మా" అన్న్యాడు.

హాల్లోకి వస్తే ఆయప్ప కుర్చీలో కూర్చోని ఉండాడు. టోపీ తియ్యలే. కంప్యూటర్ ఆపలే. డాక్టరమ్మ గీతల్ని చూస్తాంది. నన్ను పిలిచి వేలు పెట్టి చూపించింది. తక్కిన దినాల కంటే ఆ పొద్దే నొసటి ఎనక మెదడు ఎక్కువ పని చేసిండాది. ఆగల్లని ఆయప్ప తన కాళ్లనే అంతగా కనిపెట్టుకోని ఉండాడు. ఆ కనిపెట్టుకునేదే కాళ్లను నడిపించింది. నడిచినాడని మనం అనుకుంటిమి గానీ పాపా, ఆ పొద్దు ఆయప్ప నడవలే. ఒక్కో అడుగూ తలకాయతో మోసినాడు.

గీతలు చివర్లో మాత్రం పెద్ద పెద్దగా ఎగిరిపడుతుండాయి. మీకు నేర్పించిండారు కదా, కన్ను ఆర్పితే గీత ఎగురుతుంది, దాన్ని చెత్త కింద లెక్కేసి కత్తిరించి పారేస్తారు. అది కన్ను ఆర్పేదే. ఏడుపు వస్తాంటే ఆపుకునేకి ఆర్పుతాండాడు. డాక్టరమ్మ ఆ ముక్కను కత్తిరించాలి, పనికి అడ్డం. మౌసు పట్టుకోని చానా సేపు కూర్చునింది. మీరు గుడక కత్తిరిస్తారు, కత్తిరించల్ల, అది పని. కత్తిరించే ముందర అది ఎవురి కన్నో ఒక తూరి చూడండి. అంతకంటే నేను చెప్పేకి ఏమీ లేదు.

తర్వాత అనుకున్నాము. ధర్మవరం ఆయమ్మను పిలిపించేది కాదు, మనమే పోదాం. ఆయప్ప ఆగిపోయిన దినాల వీడియో ఉండాది, ఆయప్ప ఒప్పుకుంటే చూపించి, డాక్టరమ్మ కూర్చోని విడమరిచి చెప్తుంది. ఆయప్ప మొదుట ఒప్పుకోలే. "సినిమా చూపించి నమ్మించల్లనా అమ్మా, చెల్లెల్ని?" భార్య తిట్టి ఒప్పించింది. చెల్లెలి మొగునికి ఫోన్ చేస్తే, "ఆదివారం రాండమ్మా, నేను ఇంట్లో ఉంచుతా. ఆయమ్మే మొన్న అడిగింది, ఆ హిందూపురం అక్క మళ్లా ఫోన్ చేసిందా అని" అన్న్యాడు. నాకు ప్రాణం లేసొచ్చినట్ల అయింది.

శనివారం పొద్దున పెనుకొండ నుంచి ఆయప్ప భార్య ఫోన్ చేసింది. ఏడుస్తానే చెప్పింది. పొయ్యి కాడ నిలబడి ఉండి అట్లే పడిపోయిందంట ధర్మవరం ఆయమ్మ. గుండె. ఆస్పత్రికి తీసుకపోయే లోపల అయిపోయింది.

"అమ్మా, ఈయప్ప లేస్తాడు, కూర్చుంటాడు. నేను ఒక్కదాన్ని ఎట్ల తీసుకపోదును?"

డాక్టరమ్మ బెంగుళూరులో ఉండె. నేను హిందూపురంలో రైలు ఎక్కినా. పెనుకొండ స్టేషన్లో వాళ్లిద్దరూ నిలబడిండారు, భార్య చేతిలో బట్టల సంచి. రైలు పెట్టె వాకిలి చూస్తానే ఆయప్ప కాళ్లు ఆగినాయి. నేను దిగి, ఆయప్ప పాదం ముందర నా పాదం అడ్డం పెట్టి, "దీన్ని దాటన్నా" అంటి. దాటినాడు, ఎక్కినాడు. నాకు ధైర్యం వచ్చింది. ఆడ గుడక ఇట్లే చేస్తే సరిపోతాదని అనుకుంటి.

రైల్లో కిటికీలోంచి చూసుకుంటా కూర్చున్న్యాడు. చానా దూరం పోయినాక, "బడికి పోయే దావలో వంక ఉండాదమ్మా. వానొచ్చి పారితే పాపను బుజాల మీద కూర్చోబెట్టుకోని దాటిస్తాంటి. నా ఎంటికలు పట్టుకోని, ‘అన్నా, ఆగొద్దు, ఆగొద్దు’ అని అరుస్తాండె" అన్న్యాడు. భార్య సంచిని ఒళ్లోకి లాక్కునింది. అందులో ఏముందో నేను అడగలే.

ఇల్లు జనంతో నిండిపోయిండె. నిజంగానే పెద్దిల్లు. లోపల నడి హాల్లో ఆయమ్మను పండబెట్టిండారు. పుట్టింటోల్లు వచ్చి చీర కప్పినాకనే తక్కినవన్నీ. అందరూ ఈయప్ప కోసమే కాసుకోని ఉండారు. దావ ఇచ్చినారు. భార్య సంచిలోంచి తీసి చేతిలో పెట్టింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. మడత గుడక ఇప్పలే.

వాకిలి కాడికి పోయినాడు. గడపకు పొద్దున ఆయమ్మ పెట్టిన పసుపు అట్లే ఉండాది.

ఆగిపాయె.

నేను ఉరికి పోయి నా పాదం అడ్డం పెట్టినా. "అన్నా, నా కాలు చూడు. ఆయమ్మను చూడొద్దు, నా కాలు చూడు." చూడలే. ఆయప్ప కండ్లు లోపలే ఉండాయి, పండుకోని ఉండే చెల్లెలి మీద. మడిమలు లేసి లేసి కొట్టుకుంటాండాయి. చేతిలో చీర మాత్రం కదల్లే.

ఎనక ఒక ముసలామె గొణిగింది. "చచ్చినాక గుడక రాడంట లోపలికి." ఇంకెవురో, "అప్పుడూ ఇంతే కదా" అన్న్యారు. వాళ్లకు చెప్పల్లని నోరు తెరిచినా. ఏం చెప్తావు ఆడ? మెదడు గురించి చెప్తావా?

ఆయమ్మ మొగుడు లోపల తల కాడ కూర్చోని ఉండాడు. గలాటా విని తల ఎత్తినాడు. ఆయప్ప మొగం చూడలే పాపా, ఎవురూ చూడని తావు చూసినాడు. ఆయప్ప పాదాలు. అట్లే చూసినాడు. లేసి వచ్చి గడపకు అవతల పక్క కింద కూర్చోని, రెండు చేతులతో ఆ మడిమలు పట్టుకున్న్యాడు. అవి ఆయన చేతుల్లో గుడక కొట్టుకుంటాండాయి.

"ఇదా బావా?" అన్న్యాడు.

ఆయప్ప తల ఊపినాడు.

"ఆ పొద్దు గుడక ఇదేనా?"

మొగుడు లేసి జనం పక్క తిరిగినాడు. అంత నిదానమైన మనిషి గొంతు లేపి, "ఎవురూ ఏమీ అనొద్దు. బావ యాడికీ రానక్కర లేదు. ఆయమ్మనే బయటికి తెండి" అన్న్యాడు.

నలుగురు పోయి ఎత్తుకున్న్యారు. నేను వాకిలికి అడ్డం లేకుండా పక్కకు జరిగినా. ఆయప్పను నెమ్మదిగా ఎనక్కి తీసుకున్న్యాం, వాకిలి బయట తాటిచాప పరిచి ఆయమ్మను పండబెట్టినారు. ఆయప్ప మడత ఇప్పి, తల కాడి నుంచి పాదాల దాకా, మళ్లా పాదాల కాడి నుంచి తల దాకా, చుట్టూ తిరుగుతా అంచు సరిచేసుకుంటా కప్పినాడు. కప్పేటప్పుడు ఆయప్ప కాళ్లు ఒక తూరి గుడక ఆగలే. గడప దాటి వచ్చింది ఆయమ్మ కదా.